మోటరు పెట్టెతో ఆదిలాబాద్ దాకా

కరీంనగర్ బస్టాండు

నేను పెద్దగా ఊర్లు తిరిగినదాన్ని కాదు. సిరిసిల్లలో పుట్టాను, కరీంనగర్‌లో పనిచేస్తున్నాను. ఈ రెండింటి మధ్య తిరిగే బస్సే నాకు తెలిసిన లోకం. అందుకే మా సార్ "సరితా, ఆదిలాబాద్ పోయి రా" అన్నప్పుడు ముందు సంతోషపడ్డాను. ఎందుకు పోవాలో చెప్పాక ఆ సంతోషం నిలవలేదు.

మా ఆఫీసు ఒక మిఠాయి దుకాణం మీద రెండు గదులు. వేరే కంపెనీలు రకరకాల పెట్టెలు తయారుచేస్తాయి. ఆ పెట్టెల లోపల నడిచే ప్రోగ్రాము మేము కాంట్రాక్టు మీద రాసిస్తాం. ఏం రాయాలో వాళ్లే కాగితం పంపిస్తారు. అందులో ఉన్నది రాయాలి, లేనిది రాయకూడదు. అట్లా నేను రాసినవాటిలో ఒకటి మోటరు పెట్టె. దాన్ని బావి దగ్గర స్టార్టరు పక్కన బిగిస్తారు. కరెంటు లేకున్నా పలకడానికి లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. రైతు ఇంట్లో కూర్చొని మిస్డ్‌కాల్ ఇస్తే మోటరు నడుస్తుంది. ఇంకోసారి ఇస్తే ఆగుతుంది, "మోటరు బంద్" అని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. డిప్లొమాలో రెండు సబ్జెక్టులు సప్లిమెంటరీలో గట్టెక్కినదాన్ని. నేను రాసింది ఎవరి పొలంలోనో నీళ్లు పోస్తుందని ఇంటి చుట్టుపక్కల అందరికీ చెప్పుకున్నాను.

ఆదిలాబాద్ వైపు ఇచ్చోడ దగ్గర ఒక ఊర్లో భూమన్న అనే రైతుకు నెలన్నర కింద ఆ మోటరు వల్ల చెయ్యి నలిగిపోయింది. కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. పంపు దగ్గర పని చేస్తుంటే ఇంట్లోంచి వాళ్ల వదిన మోటరు నడిపించిందట. ఆమె మాత్రం "నేను నడిపియ్యలే, బంద్ చేసిన" అంటుందట. కంపెనీ ఆ పెట్టె తెప్పించమంది.

"కొత్త పెట్టె బిగియ్యి, పాతది తీస్కరా, గీ కాగితం మీద సంతకం తీస్కో," అన్నారు సార్. "ముచ్చట పెట్టకు. నీకు జర నోరెక్కువ."

కాగితంలో "కారణం" అన్నచోట ముందే టైపు చేసి ఉంది: వాడేవారి పొరపాటు. నేను చదివాను, మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. అప్పటికి నాకూ అదే నిజమనిపించింది.

బస్సు ఎక్కి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. పక్క సీట్లో మెట్‌పల్లి పోయే పెద్దమ్మ కూర్చుంది. ఒళ్లో పసుపు కొమ్ముల సంచి. నా ఒళ్లో పెట్టె చూసి అడిగింది.

"ఏందమ్మా గది, మిక్సీనా?"

"కాదు పెద్దమ్మా, ఫోన్‌తోని మోటరు నడిపిచ్చే పెట్టె. నేనే ప్రోగ్రాం రాసిన."

"నువ్వా!" అని సంచిలోంచి రెండు పసుపు కొమ్ములు తీసి నా చేతిలో పెట్టింది. "మంచి పని చేసినవ్ బిడ్డా. మా ఆయనకు మోకాళ్లు నొస్తయి, బావికి పోవుడు కష్టం."

జగిత్యాల దాటేదాకా ఆ మాట తలుచుకుంటూ కూర్చున్నాను.

నిర్మల్ పక్క ఊరు

దారిలో ఇంకో పని అప్పజెప్పారు. నిర్మల్ దగ్గర రాజలింగు అనే ముసలాయన తన పెట్టె బాగాలేదని నాలుగుసార్లు ఫోన్ చేశాడట. నిర్మల్‌లో దిగి, కొయ్యబొమ్మల దుకాణాల ముందు కాసేపు నిలబడి, బొమ్మ జామపండును నిజంది అనుకొని ముట్టుకుని దుకాణమాయనను నవ్వించి, ఆటో ఎక్కాను.

రాజలింగు తాత ధోతి ఎగ్గట్టి పొలం గట్టు మీద ఎదురుచూస్తున్నాడు. లైను మీద ఏదో పని ఉందని పొద్దున్నుంచి కరెంటు లేదు.

"నువ్వేనా కంపినీ మనిషివి? ఒక్క పోరినే పంపిండ్రా?"

"నేనే తాతా. పెట్టెకు ఏమైంది?"

"దయ్యం పట్టింది. కరెంటు లేనప్పుడు బంద్ చేస్తే ఉత్తగ తలకాయ ఊపుతది. కరెంటు వచ్చినంక మళ్ల లేస్తది."

"గట్ల కాదు తాతా. నువ్వు రెండుసార్లు కొట్టి ఉంటవ్ ఫోన్."

తాత నన్ను పైనుంచి కిందికి చూశాడు. "పొద్దుగాల మోటరు నడుస్తుంటెనే కరెంటు పోయింది. ఇగో, నీ ముంగటనే బంద్ చేస్త. సూడు." ఫోన్ తీసి మిస్డ్‌కాల్ ఇచ్చాడు. మెసేజ్ వచ్చింది: మోటరు బంద్. ఫోన్ నా చేతికిచ్చాడు. "ఇగ నీ తాననే పెట్టుకో. నేను ముట్ట."

కరెంటు వచ్చేదాకా కూర్చోవాలి. తాత వాళ్ల కోడలు సద్దిమూట విప్పింది. జొన్నరొట్టెలు, మిరపకాయల పచ్చడి. మా సిరిసిల్లలో రొట్టె అంటే రాత్రిపూట షుగరున్నవాళ్ల తిండి. ఇక్కడ అది అన్నం లెక్క. రెండో రొట్టె సగంలో ఉండగా బావిలోంచి గుర్రుమని చప్పుడు వచ్చింది. పైపులోంచి నీళ్లు దుమికాయి.

ఫోన్ నా ఒళ్లోనే ఉంది. ఎవరూ ముట్టలేదు.

"సూసినవా?" అన్నాడు తాత. గెలిచినట్టు అనలేదు, మెల్లగానే అన్నాడు. "గందుకే నేను బావిల దిగేటప్పుడు స్టార్టరు కరెంటు ఫీజులు పీకి ధోతిల చుట్టుకుంట. మీ పెట్టెను నమ్మ."

రొట్టె పక్కన పెట్టి లాప్‌టాప్ తీశాను. నేను రాసిందే మొదటి వరుస నుంచి చదివాను. కరెంటు లేనప్పుడు వచ్చిన కాల్‌ను నా ప్రోగ్రాము పట్టించుకోవడం లేదు. కరెంటే లేదు కదా, చేసేదేముంది అని వదిలేస్తుంది. మోటరు ఎట్లుందో చూస్తే ఆగే ఉంది కాబట్టి "మోటరు బంద్" అని మెసేజ్ మాత్రం పంపిస్తుంది. కరెంటు రాగానే అంతకుముందు నడుస్తుండె కదా అని మళ్లీ నడిపిస్తుంది. "కరెంటు వచ్చాక పాత స్థితికి రావాలి" అని కంపెనీ కాగితంలో ఉంది. అది వాళ్ల మాట. కాల్‌ను వదిలేసి మెసేజ్ పంపింది మాత్రం నేనే. ఆఫీసులో మోటరు లేదని బల్బు పెట్టి పరీక్ష చేశాం. బల్బు తనంతట తను వెలిగితే ఎవరికి ఏమవుతుంది?

మా బాపు మరమగ్గాల మీద పనిచేస్తాడు. కరెంటు పోయిందంటే మిగతావాళ్లు బీడీకి బయటికి పోయేవాళ్లు. బాపు మాత్రం ఒక్కొక్క మగ్గం దగ్గరికి పోయి పిడి వెనక్కి లాగి, అప్పుడు బయటికి వచ్చేవాడు. "కరెంటు చెప్పి రాదు బిడ్డా" అనేవాడు. ఆ షెడ్డులో అన్నం తిని పెరిగినదాన్ని. ఆ ఒక్క పని నా ప్రోగ్రాముతో చేయించలేదు.

ప్రోగ్రాము దిద్దేదాకా కరెంటు పోయినప్పుడల్లా ఫీజులు పీకమనే తాతకు చెప్పి వచ్చాను. ఆ పూట నిర్మల్‌లో మా చిన్నమ్మ వాళ్లింట్లో ఉన్నాను. చిన్నమ్మ కోడి కూర వండింది. ఏం తిన్నానో గుర్తులేదు.

ఘాట్ రోడ్డు

తెల్లారి బస్టాండు పక్క హోటల్లో ఉప్మా ముందు పెట్టుకొని ప్రోగ్రాము దిద్దాను. ఆరు వరుసలు. కరెంటు పోతే మోటరు పూర్తిగా బంద్. తిరిగి వస్తే ఎవరో ఒకరు చెప్పేదాకా నడవదు. ఆరంటే ఆరే వరుసలు. ఉప్మా చల్లారలేదు కూడా.

సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, తప్పు మనదే. నా ప్రోగ్రాంలనే ఉన్నది."

"ఎవలకన్న చెప్పినవా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. పెట్టె మార్చు, వచ్చెయ్. కంపెనీ కాగితం ప్రకారమే రాసినం మనం. గిది బయటపడ్డదంటే మన కాంట్రాక్టు పోతది. నువ్వు ఒక్కదానివి కాదు, ఎనిమిది మంది బతుకుతున్నరు గీడ."

సార్ చెడ్డ మనిషి కాదు. ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు నా మార్కులు చూసి పక్కన పెట్టి, నువ్వేం చేయగలవో చేసి చూపియ్యి అన్న మనిషి. అందుకే ఎదురు చెప్పలేక "సరే సార్" అని పెట్టేశాను.

నిర్మల్ దాటాక రోడ్డు గుట్టలెక్కుతుంది. టేకు చెట్లు ఆకులు రాల్చి నిలబడ్డాయి. మలుపుల్లో కోతులు. బస్సులో సగంమంది మరాఠీ, సగంమంది తెలుగు, రెండూ కలిపి మాట్లాడేవాళ్లే ఎక్కువ. ఒకాయన కిటికీలోంచి కోతులకు పల్లీలు విసురుతుంటే కండక్టర్ అరిచాడు: "కాకా, అవ్వి బస్సెక్కితే టికెట్ నువ్వు తీసుకుంటవా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వదిన గురించి ఆలోచిస్తున్నాను. నెలన్నర నుంచి ఆమె ఒకే మాట చెప్తోంది. ఆమె చెప్పింది నిజమని ఆమె కాక తెలిసింది నాకూ, మా సార్‌కే.

భూమన్న ఇల్లు

ఊరి పేరు రాయను, ఆ ఇంటివాళ్లు వద్దన్నారు. ఇచ్చోడ నుంచి ఆటోలో లోపలికి పోవాలి. శనగచేలు, మక్కచేలు, మధ్యలో ఎర్రమట్టి దారి.

భూమన్న అన్న పోశెట్టి గేటు దగ్గరికి వచ్చి లోపలికి తీసుకుపోయాడు. భూమన్న మంచం మీద కూర్చొని ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. కుడిచెయ్యి కట్టు తీసేశారు. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన చేతిని తువ్వాల కింద పెట్టుకున్నాడు.

వాకిట్లో రెండు పొయ్యిలు ఉన్నాయి. ఒకదాని దగ్గర అన్నదమ్ములను కన్న అవ్వ, ఇంకోదాని దగ్గర పోశెట్టి భార్య సుజాత. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోవడం లేదు. కాసేపటికి అవ్వ చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. వెనకాలే సుజాత ఇంకో కప్పు తెచ్చి దాని పక్కనే పెట్టింది. నాకేం అర్థం కాలేదు.

"ఏదో ఒకటి తాగు చెల్లె," అన్నాడు పోశెట్టి తల దించుకొని. "మా ఇంట్ల గిట్లనే ఉన్నది. అవ్వ ఆమె చేతి తిండి తింటలేదు."

"ఎందుకు తినాలె?" అంది అవ్వ. "నా కొడుకు అన్నం కలుపుకునే చెయ్యి తీసింది. గా చేతితోని వండితే నేను తినాలెనా?"

సుజాత గోడకు ఆనుకొని నిలబడింది. చెప్పిందే చెప్పి అలిసిపోయినట్టుంది.

రెండు కప్పులూ తాగాను. ఒకటి పంచదార ఎక్కువ, ఇంకోటి అల్లం ఎక్కువ. కొంచెం ధైర్యం కావాలి, టైమ్ కావాలి, ఆ రెండు చాయ్‌లు అందుకు పనికొచ్చాయి.

"ఆ రోజు ఏమైందే అన్నా?" అని భూమన్నను అడిగాను.

"నీళ్లు కారుతున్నయని బావిల దిగి పంపు ఇరుసుకు తాడు చుడుతున్న. కరెంటు లేదు. అయినా వదినెకు ఫోన్ చేసి బంద్ చెయ్యమన్న. 'చేసిన, మెసేజ్ వచ్చింది, పని చేసుకో' అన్నది. నాలుగు చుట్లు చుట్టిననో లేదో ఇరుసు తిరిగింది. తాడుతోని చెయ్యి గుంజుకపోయింది."

"మెసేజ్ వచ్చినంక మళ్ల ఏదో నొక్కి ఉంటది," అంది అవ్వ. "నొక్కి, చెరిపేసింది ఫోన్ల."

పోశెట్టి బావి నుంచి విప్పి తెచ్చిన పాత పెట్టె నా ముందు పెట్టాడు. ఈ పెట్టెలు ఎప్పుడు ఏం జరిగిందో లోపల రాసుకుంటాయి. వైరు కలిపి లాప్‌టాప్‌లో తెరిచాను. ఆ రోజు వరుసలు కనిపించాయి. అప్పుడు నాకు మా సార్ గుర్తొచ్చాడు, ఆఫీసులోని ఎనిమిది మంది గుర్తొచ్చారు. లాప్‌టాప్ మూసి "రిపేరు ఉంది" అని లేచి రావచ్చు. ఆ వాకిట్లో నన్ను అడిగేవాళ్లు లేరు.

సుజాత నా వైపు చూడటం లేదు. తన కాలి బొటనవేలితో మట్టి గీకుతోంది.

"పోశెట్టన్నా, నీకు చదువొస్తదా?" అన్నాను.

"వస్తది."

"అయితే నువ్వే చదువు."

ఆయన వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివాడు. నేను పక్కన తెలుగులో చెప్పాను. పొద్దున ఏడింటికి సుజాత నంబరు నుంచి కాల్, మోటరు నడిచింది. తొమ్మిదింటికి కరెంటు పోయింది. పదిన్నరకు సుజాత నంబరు నుంచి ఇంకో కాల్, కరెంటు లేదు కాబట్టి వదిలేసింది. "మోటరు బంద్" మెసేజ్ పంపింది. పది నలభైకి కరెంటు వచ్చింది. మోటరు నడిచింది. ఆ వరుసలో కాల్ చేసిన నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"అంటే?" అన్నాడు భూమన్న.

"అంటే అక్క ఒక్కసారే చేసింది అన్నా, బంద్ చెయ్యనీకే చేసింది. పెట్టె వినలే. వినకుంటనే బంద్ అయిందని చెప్పింది. కరెంటు రాంగనే తనంతల తనే నడిచింది. గా ప్రోగ్రాం రాసింది నేను. తప్పు నాది."

పోశెట్టి లాప్‌టాప్ మీద నుంచి వేలు తీశాడు.

"నువ్వా?" అంది అవ్వ. నా దగ్గరికి వచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది. "గింతంత పిల్లవు. నువ్వా?"

"నేనే అవ్వా."

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె వంగి నా ముందున్న రెండు కప్పులూ తీసుకుని, రెండూ ఒకే బిందె దగ్గర పెట్టి కడగడం మొదలుపెట్టింది. కడిగినవే మళ్లీ మళ్లీ కడిగింది. ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

భూమన్న మాత్రం నన్ను తిట్టలేదు. "గీ పెట్టెలు ఇంకెన్ని ఊర్లల్ల ఉన్నయి?" అని అడిగాడు. లెక్క నాకు తెలియదు. చాలా ఉన్నాయని మాత్రం చెప్పాను.

సుజాత అప్పుడు గోడ దగ్గర్నుంచి కదిలింది. "మళ్ల ఒకసారి చదువు," అంది. చదివాను. "ఇప్పుడు నన్ను కన్న అవ్వకు ఫోన్ కలుపుత. ఆమెకు సుత చెప్పు." ఫోన్ తీసింది. "ఆమె సుత నమ్మలే. నొక్కినవేమో ఒప్పుకో బిడ్డా, ఇంట్ల లొల్లి సల్లారుతది అన్నది."

నేను ఎప్పుడూ చూడని ఒక తల్లికి ఫోన్‌లో మొత్తం మొదటి నుంచి చెప్పాను. అటువైపు ఆమె ఏడుస్తుంటే సుజాత ఫోన్ తీసుకొని లోపలికి పోయింది.

బావి

మధ్యాహ్నం అందరం బావి దగ్గరికి పోయాం. అవ్వ కూడా వచ్చింది, కొంచెం వెనకగా. కొత్త పెట్టెలో దిద్దిన ప్రోగ్రాము ఎక్కించి బిగించాను. మోటరు నడిపించి, పోశెట్టితో ఫీజులు పీకించాను, మళ్లీ పెట్టించాను. మోటరు లేవలేదు. పది నిమిషాలు నిలబడ్డాం. లేవలేదు. ఇంకో మూడుసార్లు అట్లాగే చేయించాను.

"వదినె, నడిపియ్యి," అన్నాడు భూమన్న ఎడమచేత్తో ఫోన్ చాపి.

సుజాత ఫోన్ ముట్టలేదు. నడిచి బావి అంచుకు పోయి వంగి లోపలికి చూసింది. అందరం గట్టు మీదే ఉన్నాం, అయినా గట్టిగా అడిగింది: "ఎవలన్న ఉన్నరా లోపట?" ఆమె మాట బావిలో తిరిగి పైకి వచ్చింది. అప్పుడు స్టార్టరు దగ్గరికి పోయి పచ్చ మీట నొక్కింది.

నీళ్లు వచ్చాయి. పోయేటప్పుడు దారిలో అవ్వ, "పొద్దు పోయింది, పిల్లకు ఏమన్న వండు," అంది. ఎవరితో అన్నదో పేరు పెట్టి చెప్పలేదు. సుజాత పిండి కలిపింది. శనగపిండితో చేసే పిట్ల, జొన్నరొట్టె. అవ్వ నా పక్కన కూర్చొని ఒక రొట్టె ముక్క తుంచుకుంది. దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుంది. తిన్నదో లేదో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

మళ్లీ కరీంనగర్

సంతకం కాగితం మీద "వాడేవారి పొరపాటు" కొట్టేసి, "ప్రోగ్రాములో తప్పు" అని రాసి, కింద నా పేరు పెట్టి, పోశెట్టి సంతకం తీసుకున్నాను. సార్ దాన్ని చదివి సొరుగులో పెట్టాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పెట్టెలు కొన్న రైతుల నంబర్ల లిస్టు నా టేబుల్ మీద పెట్టి, "కంపెనీకి నేను చెప్త. నువ్వు వీళ్లకు చెప్పు," అని వెళ్లిపోయాడు. కాంట్రాక్టు ఉంటుందో పోతుందో ఇది రాసేనాటికి తెలియదు.

వారం నుంచి ఫోన్లు చేస్తున్నాను. కొందరు కంపెనీ ఫోన్ అనుకొని పెట్టేస్తారు. కొందరు తిడతారు. కొందరు పంట ముచ్చట పెడతారు, నేనూ పెడతాను. నిన్న పెద్దపల్లి దిక్కు ఒకాయన ఎత్తాడు. కరెంటు లేనప్పుడు బంద్ చేస్తే నమ్మొద్దని, తనంతట తనే నడుస్తుందని చెప్తున్నాను. మధ్యలో ఆయన, "ఆగు! మా ఆమె బావిల చెత్త తీస్తున్నది, కరెంటు లేదు ఇప్పుడు," అని ఫోన్ విసిరేసి ఉరికాడు.

ఫోన్ కట్ కాలేదు. ఆయన కేకలు దూరమవుతూ వినిపించాయి. తర్వాత ఏమీ వినిపించలేదు. ఆఫీసులో అందరూ నా వైపు చూస్తున్నారు. సార్ లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను.

ఫోన్‌లో ఊపిరి రొప్పుతున్న చప్పుడు వచ్చింది.

"పైకి వచ్చింది బిడ్డా. నా పక్కనే ఉన్నది," అన్నాడు ఆయన. "ఇగ చెప్పు, నిమ్మలంగ చెప్పు. ఇద్దరం వింటం."